మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరుంటారు?



ఈ పూట మీతో ఒక కుక్కపిల్ల గురించి మాట్లాడాలని వచ్చాను. ఇంకా మీ ఇంటికి రాని కుక్కపిల్ల గురించి. మీ అబ్బాయో అమ్మాయో కొన్నాళ్ళుగా అడుగుతూ ఉండవచ్చు. లేదా మీ మనసులోనే ఉండవచ్చు. సాయంత్రం ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చేసరికి తలుపు దగ్గర తోక ఊపుతూ ఒక ప్రాణి ఎదురొస్తే ఎంత బావుంటుంది అని. బావుంటుంది. చాలా బావుంటుంది. రోజూ అనుభవిస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

అయితే మీరు ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో రెండోవాళ్ళూ ఉద్యోగమే. పిల్లలు బడికి వెళ్తారు. పొద్దున్న ఎనిమిదిన్నరకి తలుపుకి తాళం పడితే మళ్ళీ సాయంత్రం ఆరు దాటాకే తీస్తారు. అలాంటి ఇంట్లోకి కుక్కని తెచ్చుకోవచ్చా, కూడదా? ఇదీ ఇవాళ్టి మాట.

ముందే ఒక ప్రశ్న మీ చేతిలో పెడతాను. ఈ ప్రసంగం అయ్యేలోపు అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతాను. విసుక్కోకండి. మధ్యాహ్నం రెండు గంటలకి మీ ఇంట్లో ఎవరుంటారు?

కుక్కంటే మీకు ఇష్టమా అని అడగటం లేదు. ఇష్టం లేకపోతే ఈ ఆలోచనే వచ్చేది కాదు. డబ్బుందా అనీ అడగటం లేదు. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరుంటారు? అది చెప్పండి చాలు.

నేను పెరిగింది కైకలూరు దగ్గర ఒక పల్లెలో, కొల్లేటి పక్కన. మా అమ్మమ్మగారింట్లో ఎప్పుడూ ఒక కుక్క ఉండేది. దాన్ని ఎవరూ కొనలేదు. ఫలానావాళ్ళు పెంచారని చెప్పడానికీ లేదు. ఇంట్లో మనుషులున్నట్టే అదీ ఉండేది. తెల్లవారుజామున తాతయ్య వెంట చేలోకి వెళ్ళేది. ఎండెక్కాక వచ్చి అరుగు పక్కన నీడలో పడుకునేది. అందరి భోజనాలూ అయ్యాక అమ్మమ్మ ఇంత పెరుగన్నం కలిపి పెట్టేది. రాత్రి వీధి గుమ్మం దగ్గర దాని చోటు.

ఆ చుట్టుపక్కల బాతులు మేపుకునేవాళ్ళ దగ్గర జోనంగి కుక్కలుండేవి. పొట్టి వెంట్రుకలు, సన్నటి నడుం, చురుకైన చూపు. బాతుల మందని ఒక్క కుక్క చెదరకుండా తోలుకుపోతుంటే మేం గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం. అచ్చంగా మన ఆంధ్రదేశపు జాతి అది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి దానికి పనుంది. పక్కన మనిషున్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఒక సంగతి తోస్తుంది. అమ్మమ్మగారింటికి తాళం పడటం నేనెప్పుడూ చూడలేదు. అమ్మమ్మ గుడికి వెళ్తే అత్తయ్య ఉండేది. అత్తయ్య పుట్టింటికి వెళ్తే చిన్న మావయ్య ఉండేవాడు. ఎవరూ లేకపోతే వీధే ఉండేది. ఆ కుక్క ఒక్క గంట ఒంటరిగా ఉండి ఎరగదు.

మనలో చాలామందికి కుక్కని పెంచడం అంటే గుర్తొచ్చేది అలాంటి ఇల్లే. అరుగున్న ఇల్లు. తలుపు తీసి ఉన్న ఇల్లు. మన జ్ఞాపకం ఆ ఇంటిది. మన కాపురం నాలుగో అంతస్తులో, తాళం వేసిన ఫ్లాటులో. ఈ తేడా నాకు అప్పట్లో తట్టలేదు. నాకు తట్టకపోవడం వల్ల ఒక పసిప్రాణి కష్టపడింది. ఆ కథ చెబుతాను.

పదేళ్ళు దాటింది. హైదరాబాదులో, కూకట్‌పల్లి దగ్గర ఉండేవాళ్ళం. నాది బ్యాంకు ఉద్యోగం. మా ఆయనది హైటెక్ సిటీలో. అమ్మాయి అయిదో తరగతి. దసరా సెలవులకి ఒక లాబ్రడార్ పిల్లని తెచ్చాం. గోధుమరంగు పిల్ల. చెవులు దాని తలకంటే పెద్దవి. దానికి బన్ను అని పేరు పెట్టాం. రెండు నెలలు కూడా నిండలేదని తరవాత డాక్టరు చెబితే తెలిసింది. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మేం తెచ్చేనాటికి అవి లేవు. అడగాలన్న ఇంగితం మాకూ లేదు.

సెలవులు పండగలా గడిచాయి. అమ్మాయి ఒడిలోనే నిద్ర. ఆ ఇల్లు ఎప్పుడూ మనుషులతో నిండి ఉంటుందని బన్ను అనుకుని ఉంటుంది. తరవాత సోమవారం వచ్చింది. వంటింటి ముందు నడవలో పాత పేపర్లు పరిచాం. గిన్నెలో నీళ్ళు, ఇంకో గిన్నెలో తిండి. చిన్న చెక్క అడ్డం పెట్టాం. తాళం వేసి వెళ్ళిపోయాం.

సాయంత్రం వచ్చేసరికి పేపర్లన్నీ చింపి పోగులు. పిల్ల ఒళ్ళంతా దాని మలమే. మమ్మల్ని చూసి ఎగిరింది, మూలిగింది, నాకింది. కడిగాం, తుడిచాం. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. అలవాటవుతుందిలే అనుకున్నాం.

నాలుగో రోజు ఎదురింటావిడ లిఫ్టు దగ్గర ఆపింది. "ఏమనుకోకండమ్మా. మీరు వెళ్ళాక ఆ పిల్ల ఏడుస్తుందండీ. పదకొండింటిదాకా ఏడుస్తుంది. అలిసిపోయి ఊరుకుంటుంది. మళ్ళీ రెండింటికి మొదలుపెడుతుంది. మావాడు మీ తలుపు దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే ఆగుతుంది" అంది.

ఆవిడ కోపంగా అన్న మాట కాదది. చెప్పకుండా ఉండలేక చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటలు అన్న మాట నా మనసులో పడింది అప్పుడే. ఆ వేళకి నేను బ్యాంకులో భోజనం ముగించి మళ్ళీ కౌంటరులో కూర్చుంటాను. ఇంట్లో ఒక పిల్ల ఏడుస్తోంది. దానికి ధైర్యం చెప్పేది ఎదురింటి కుర్రాడు, మూసిన తలుపు బయటినుంచి.

తరవాత పశువుల డాక్టరుగారు వివరంగా చెప్పారు. రెండు నెలల పిల్ల మూత్రం రెండు గంటలకి మించి ఆపుకోలేదు. మూడు నెలలదైతే మూడు గంటలు. ఇంచుమించు నెలకో గంట లెక్క. మేం దాన్ని వదిలి వెళ్తున్నది పది గంటలు. ఆ వయసులో రోజుకి మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. మేం పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి పెడుతున్నాం. ఇంకో మాట కూడా చెప్పారాయన. పుట్టిన మూడో వారం నుంచి ఇంచుమించు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకుంటుందట. మనుషులు, పిల్లలు, ప్రెషర్ కుక్కర్ కూత, స్కూటర్ చప్పుడు, వాన. ఏవి మనవి, ఏవి భయపడాల్సినవి అన్నది ఆ వారాల్లోనే మనసులో పడుతుంది. ఆ వారాల్లో బన్ను మా ఇంట్లో నేర్చుకున్నదేమిటి? తలుపు మూసుకుంటుంది, మనుషులు వెళ్ళిపోతారు, పిలిచినా రారు. అదే నేర్చుకుంది.

టీకాల సంగతీ చూడండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి ఇంజెక్షను. అక్కడినుంచి నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి. మూడు నెలలకి రేబీస్ టీకా, ఆ తరవాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ. ఈ మొదటి టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో తిప్పకూడదు. పార్వో అని ఒక జబ్బుంది. వాంతులు, రక్తవిరేచనాలు. పిల్ల త్వరగా కూలబడిపోతుంది. పొద్దున్న తొమ్మిదింటికి వాంతులు మొదలైతే సాయంత్రం ఏడింటికి చూసేసరికి విలువైన గంటలు పోయి ఉంటాయి. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరుంటారు?

బన్ను మా దగ్గర ఉన్నది అయిదు వారాలు. చివరికి కైకలూరులో చిన్న మావయ్యకి ఇచ్చేశాం. ఆయనకి చేపల చెరువులున్నాయి. గట్టు మీద షెడ్డులో కాపలా మనుషులు పగలూ రాత్రీ ఉంటారు. లాబ్రడార్‌కి నీళ్ళంటే ప్రాణం కదా. పెద్దదయ్యాక చెరువుకి అడ్డంగా ఈదుకుంటూ వెళ్ళేదట. దానికి మంచే జరిగింది. కానీ ఆ మంచి చేసింది మావయ్య. మేం చేసింది ఒక పసిదానికి రెండు ఇళ్ళు చూపించడం. కారు కదిలేటప్పుడు అమ్మాయి వెనక సీట్లో వంగి ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తుంది.

మాకు జరిగింది చాలా ఇళ్ళలో జరిగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసులు ఇళ్ళలోకొచ్చాయి. అందరూ ఇంట్లోనే ఉన్నారు కదా అని చాలామంది కుక్కపిల్లల్ని తెచ్చుకున్నారు. తరవాత ఆఫీసులు పిలిచాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క రోజూ ఒంటరిగా ఉండని కుక్కలు ఉన్నట్టుండి తలుపు వెనక మిగిలిపోయాయి. మా దసరా సెలవులు పది రోజులు. వాటి సెలవులు రెండేళ్ళు. తేడా అంతే.

ఇక్కడ మీరు కొన్ని జవాబులు చెబుతారు. నాకూ అప్పుడు తోచిన జవాబులే. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి జవాబు, "అత్తగారు ఇంట్లోనే ఉంటారుగా." ఉంటారు. మరి ఆవిడని అడిగారా? అడగటమంటే, పిల్లలందరూ చుట్టూ నిలబడి "నానమ్మా, ప్లీజ్" అంటున్నప్పుడు అడగటం కాదు. ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు నెమ్మదిగా అడగాలి. మోకాళ్ళ నొప్పులతో రోజుకి నాలుగుసార్లు లిఫ్టులో కిందకి దిగగలరా? ముప్ఫై కిలోల కుక్క గొలుసు లాగితే ఆవిడ నిలబడగలరా? ఆవిడకి మడి ఉంటుంది, పూజగది ఉంటుంది. నలభై ఏళ్ళుగా పాటిస్తున్న పద్ధతి ఉంటుంది. దాన్ని చాదస్తమని కొట్టిపారేసే హక్కు మనకి లేదు. ఆవిడ మనస్ఫూర్తిగా సరేనంటే మీ ఇంటికి కుక్క రావచ్చు. మొహమాటానికి సరేనంటే, మీరు తెస్తున్నది కుక్కని కాదు, ఆవిడకి ఒక ఉద్యోగాన్ని.

రెండో జవాబు, "ఫోనులో కెమెరా పెట్టి చూసుకుంటాం." చూడండి. ఏడవటం కనిపిస్తుంది. ఎత్తుకోగలరా?

మూడో జవాబు, "ఒకటికి తోడు ఇంకోటి తెస్తాం." ఈ మాట చాలామంది అంటారు. నిజానికి అది వెతుక్కునేది మిమ్మల్ని. ఇంకో కుక్క పక్కనున్నా మీరు లేని లోటు తీరదు. కొన్ని ఇళ్ళలో మొదటిదాన్ని చూసి రెండోదీ ఏడవటం నేర్చుకుంటుంది.

ఇంకొక మాట ఇక్కడే చెప్పేస్తాను. సాయంత్రం వచ్చేసరికి సోఫా చింపి ఉంటే, చెప్పు కొరికి ఉంటే, "వదిలి వెళ్ళామని కోపంతో చేసింది" అంటాం. కోపం కాదండీ. అది భయం. తలుపు గీరటం, చొంగ కార్చుకోవటం, ఊళ వేయటం, ఉన్నచోటే మూత్రం పోసుకోవటం. ఇవన్నీ ఎక్కువగా మీరు బయటికి వెళ్ళిన మొదటి అరగంటలోనే జరుగుతాయి. మీరు వచ్చాక కొడితే దేనికి కొడుతున్నారో దానికి తెలియదు. మీ రాక కూడా భయమవుతుంది. అంతే.

ఇంతా చెప్పాక మీరనుకోవచ్చు, ఉద్యోగం చేసేవాళ్ళు కుక్కని పెంచకూడదని ఈవిడ తేల్చేసిందని. లేదు. నేనింకా ఉద్యోగం చేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు కుక్క ఉంది. ఉద్యోగం ఉన్నవాళ్ళు కుక్కని పెంచవచ్చు. మధ్యాహ్నానికి మాత్రం జవాబుండాలి.

బన్ను వెళ్ళిన ఆరేళ్ళకి అమ్మాయి మళ్ళీ ఆ మాటెత్తింది. ఈసారి మేం వెంటనే కుక్క కోసం వెళ్ళలేదు. ముందు లేని కుక్కని పెంచాం. నిజంగానే చెబుతున్నాను. కుక్క ఉన్నట్టే నెల రోజులు గడిపాం. పొద్దున్న అయిదున్నరకి లేచి నలభై నిమిషాలు నడక. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే మళ్ళీ నడక. పడుకునే ముందు ఒకసారి కిందకి. వాన వచ్చినా, తలనొప్పి ఉన్నా, ఆదివారమైనా. క్యాలెండరు మీద రోజూ గుర్తు పెట్టాం. నెలాఖరుకి చూస్తే ఇరవై ఏడు రోజులు నడిచాం, మూడు రోజులు తప్పాం. అప్పుడు అమ్మాయి అడిగింది. "అమ్మా, ఆ మూడు రోజులూ కుక్క ఏం చేసేది?" ఆ ప్రశ్న అడిగింది చూడండి, పిల్ల సిద్ధమైందని అప్పుడు నమ్మాను.

తప్పిన రోజుకి ఎవరు బదులు వెళ్ళాలో అప్పుడే రాసుకున్నాం. తరవాత మధ్యాహ్నం సంగతి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ పొద్దున్న వచ్చి వెళ్ళిపోయేది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇంకోసారి వచ్చి కుక్కని కిందకి తీసుకెళ్ళగలవా, ఒక అరగంట కూర్చోగలవా అని అడిగాను. ఆవిడ రెండు రోజులు ఆలోచించుకుంది. చిన్నప్పుడు కుక్క కరిచింది, భయం ఉంది అంది. ముందు నాకు అలవాటవ్వాలి, అప్పుడు చెబుతానంది. న్యాయమైన మాట. అది ఇంటిపనిలో కలిపేసే పని కాదు. వేరే పని, వేరే జీతం. మీ ఊళ్ళో కుక్కల్ని నడిపించేవాళ్ళు దొరకవచ్చు, పగటిపూట ఉంచుకునే చోట్లుండవచ్చు. ఎవరైనా సరే, ఒక మనిషి పేరు చెప్పగలగాలి. "ఎవరో ఒకరు చూస్తారు" అనేది జవాబు కాదు. ఎవరో ఒకరు ఎప్పుడూ చూడరు.

అప్పుడు వెళ్ళాం. ఈసారి పిల్ల కోసం కాదు. అనాథ జంతువుల్ని ఉంచే ఒక చోటికి వెళ్ళి, పెద్ద కుక్క కావాలన్నాం. అక్కడివాళ్ళ ముఖం వెలిగింది. వచ్చినవాళ్ళంతా పిల్లలనే అడుగుతారట. పెద్దవి అలా చూస్తూ ఉండిపోతాయట. ఒక మూలన మల్లి ఉంది. మూడేళ్ళ నాటు కుక్క. పెంచినవాళ్ళు విదేశాలకి వెళ్తూ అక్కడ వదిలేశారు. మేం నాలుగు ఆదివారాలు వెళ్ళాం. పనావిడనీ తీసుకెళ్ళాను. మూడో ఆదివారం మల్లి వచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. అయిదో ఆదివారం ఇంటికి తెచ్చుకున్నాం.

ఉద్యోగం చేసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఇదే. పెద్ద కుక్కని తెచ్చుకోండి. రెండేళ్ళు, మూడేళ్ళు నిండినదాన్ని. మళ్ళీ చెబుతున్నాను, పిల్ల వద్దు, పెద్ద కుక్క. ఎదిగిన కుక్క రోజులో సగం నిద్రపోతుంది. దానికి చురుకు తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకే వేళ. సరిగ్గా మనం ఇంట్లో ఉండే వేళలు. పొద్దున్న బాగా నడిచి, వాసనలు చూసి, తిని పడుకున్న కుక్క మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోగలదు. అది ఆరు ఎనిమిది గంటలు మూత్రం ఆపుకోగలదు కూడా. ఆపుకోగలగడం వేరు, రోజూ ఆపుకోవాల్సి రావడం వేరు. అందుకే మధ్యలో ఒక మనిషి రావాలి. పెద్ద కుక్కలు కొత్తవాళ్ళకి అలవాటు పడవంటారు. మల్లికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాలూ మేం వంతులు వేసుకుని సెలవు పెట్టాం. దానికి ఒంటరితనం నేర్పాం. మొదట రెండు నిమిషాలు బయటికి వెళ్ళి రావడం. తరవాత అయిదు. తరవాత పావుగంట. వెళ్ళేటప్పుడు ముద్దులు లేవు, బుజ్జగింపులు లేవు. వచ్చాక కూడా నెమ్మదిగానే. తాళంచెవి చప్పుడంటే మనిషి తిరిగి వస్తాడని దానికి అర్థం కావాలి. బన్నుకి మేం నేర్పనిది అదే.

నాటు కుక్క అన్నాను కదా. ఆ మాట మీద కాస్త ఆగుతాను. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చింది, గుర్తుందా? పిల్లాడి వెంట ఒక పగ్ నడుస్తుంటుంది. దాంతో ఇంటింటా పగ్ కావాలన్నారు. ముద్దుగానే ఉంటుంది. కానీ దాని ముక్కు లోపలికి అణిగిపోయి ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. ముక్కు అణిగినదానికి ఆ రొప్పడమే కష్టం. ఇక సైబీరియా మంచులో బండి లాగే హస్కీని మే నెలలో విజయవాడలో, రామగుండంలో పెంచుతున్నారు. ఏసీ గది ఉందిగా అంటారు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే? మీరు ఆఫీసులో ఉంటారు. కిటికీ తీసేదెవరు? మన నాటు కుక్కకి ఈ ఎండ తెలుసు. ఈ నీళ్ళు తెలుసు. దాని ఒంటి మీద ఉన్న బొచ్చు ఈ నేలకి సరిపడా బొచ్చు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం మనకి 1960లోనే వచ్చింది. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి గానీ, ఇరుకులో మూసేసి గానీ ఉంచే కుక్కని తగినంత తిప్పకపోతే అది యజమాని నేరమని ఆ చట్టంలో ఉంది. సరైన కారణం లేకుండా వదిలేయడమూ నేరమే. బాల్కనీలో కట్టేసి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఈ మాట వినాలి. అపార్టుమెంటు సంఘాలు కుక్కల్ని పెంచకూడదని నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది. లిఫ్టు వద్దనీ అనలేవు. అలాగే మన కుక్క మెట్ల మీద చేసింది మనమే ఎత్తాలి. నగరపాలక సంస్థలో లైసెన్సు తీసుకోవాలి, రేబీస్ టీకా మానకూడదు.

చట్టానికంటే పెద్ద పరీక్ష సంక్రాంతి. జనవరి రెండోవారం హైదరాబాదు సగం ఖాళీ. మీరూ ఊరికి వెళ్తారు. కుక్క? బస్సులో సాధారణంగా ఎక్కనివ్వరు. రైలులో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి, లేదంటే గార్డు వ్యానులో పెట్టెలో ఒంటరిగా పంపాలి. పెళ్ళిళ్ళుంటాయి, ఆస్పత్రులుంటాయి, బదిలీలుంటాయి. అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఏడాదికోసారి నెలరోజుల ఇండియా ప్రయాణం ఉంటుంది. కుక్క పన్నెండేళ్ళు బతుకుతుంది, ఒక్కోటి ఇంకా ఎక్కువే. పన్నెండు సంక్రాంతులకి మీ దగ్గర జవాబుండాలి. మేమైతే మల్లి వచ్చాక పండక్కి అందరం కలిసి ఊరికెళ్ళటం మానేశాం. ఒకరు వెళ్తే ఒకరు ఉంటున్నాం, లేదా కారులో దాన్నీ తీసుకెళ్తున్నాం. అమ్మకి ఇది కష్టంగానే ఉంది. ఆ కష్టం ఉందని మీకు చెప్పకుండా దాచడం సరికాదు.

మన తెలుగు భారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. నన్నయగారి ఆదిపర్వం. జనమేజయుడు యాగం చేస్తుంటాడు. అక్కడ ఆడుకోవడానికి వచ్చిన కుక్కపిల్లని ఆయన తమ్ముళ్ళు కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి పేరు సరమ, దేవతల కుక్క. ఆవిడ రాజు కొలువుకి వచ్చి నిలదీస్తుంది. నా బిడ్డ చేసిన తప్పేమిటని అడుగుతుంది. తగిన పనో కాదో ఆలోచించకుండా నోరులేనివాళ్ళని బాధపెట్టినవాళ్ళకి, అనుకోని వైపు నుంచి భయం వస్తుందని హెచ్చరించి పోతుంది. సారమేయం అన్న మాట ఆ సరమ పేరు మీద వచ్చిందే. అంత పెద్ద కథ, రాజ్యాలూ యుద్ధాలూ ఉన్న కథ, ఒక కుక్కపిల్లకి జరిగిన అన్యాయం దగ్గర ఆగి రాజుని ప్రశ్నిస్తుంది. బన్ను వెళ్ళాక ఆ భాగం నేను మళ్ళీ చదివాను. మేం బన్నుని కొట్టలేదు. ఆలోచించలేదు, అంతే. బన్నుకి రెండూ ఒకటే.

మీలో కొందరు ఈ పాటికి ఒక నిర్ణయానికి వచ్చి ఉంటారు. మా వల్ల కాదు, ఇప్పుడు కాదు అని. దాన్ని ఓటమి అనుకోకండి. కుక్కని ప్రేమించే మనిషి తీసుకోగల మంచి నిర్ణయాల్లో అదొకటి. మీ వీధిలో ఒక కుక్క ఉండే ఉంటుంది. చెవి కొసన చిన్న గాటు ఉందేమో చూడండి. ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషను అయిందన్న గుర్తు. లేకపోతే నగరపాలక సంస్థకి ఫోను చేయండి. ఎండాకాలం గేటు పక్కన ఒక మట్టి తొట్టిలో నీళ్ళు పెట్టండి. ఆదివారం పిల్లల్ని తీసుకుని ఆశ్రయ కేంద్రానికి వెళ్ళండి. అక్కడి కుక్కల్ని ఒక గంట నడిపించి రండి. పిల్లల ముచ్చట తీరుతుంది. వాళ్ళకి పనీ తెలుస్తుంది.

తెచ్చుకుందాం అనుకునేవాళ్ళకి ఒక విన్నపం. రేపు ఆఫీసులో మధ్యాహ్నం రెండయ్యాక ఒక్కసారి గడియారం చూడండి. ఆ నిమిషంలో మీ ఇంట్లో ఎవరున్నారో ఒక కాగితం మీద రాయండి. ఎల్లుండీ రాయండి. నెల రోజులు రాయండి. ఆ కాగితం మీద ప్రతిరోజూ ఒక మనిషి పేరు ఉంటే, అది ఇంట్లో పెద్దవాళ్ళ పేరైనా, జీతం తీసుకుని వచ్చే మనిషి పేరైనా, నిశ్చింతగా ఆశ్రయ కేంద్రానికి వెళ్ళండి. అక్కడ పెద్ద కుక్కలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకోండి. కాగితం ఖాళీగా ఉంటే, దయచేసి ఆగండి.

ఇప్పుడు మా ఇంట్లో మల్లి నిద్రపోతుంటుంది. ఒంటిగంటన్నరకి తాళంచెవి చప్పుడవుతుంది. అది లేచి తలుపు దగ్గరికి వెళ్తుంది.